అడిగి తొడుక్కునే పిల్ల

ఆమె పోయిందన్న సంగతి నాకు చెప్పింది మా సుబేదారి గల్లీలోని దర్జీ. నేనిచ్చిన ఆది జాకెట్టు మీద టేపు పెట్టి కొలుస్తూ కొలుస్తూ ఆగిపోయాడు.

"మేడం, మీ దోస్తు సంగతి ఎరుకేనా?"

"ఏ దోస్తు?" అన్నాను. ఆ దుకాణానికి నన్ను మొదట తీసుకొచ్చిన దోస్తు ఒక్కతే. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా అడిగాను.

"గదే మేడం, మీరు యూనివర్సిటీల సదివేటప్పుడు ముసలోళ్ల అంగీలు తెచ్చి చిన్నగ చేపిచ్చుకునేది గద. పోయిన నెల ఇంటి మెట్ల మీదికెళ్లి పడ్డదట. తలకు తాకిందట. దవాఖానకు తీస్కపోయేలోపట్నే పాణం పోయిందంటాండ్రు."

నేను పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. అతను నీళ్ళ సీసా నా ముందు పెట్టాడు. ఇంకెవరితోనూ చెప్పుకోలేని మాటలాగా గొంతు తగ్గించాడు.

"ఒక మాట అంటే నవ్వద్దు మేడం. ముప్పై ఏండ్ల సంది కుడుతాన, గసొంటి ఒళ్లు ఎన్నడు సూడలే. ఒక్కతీరు కొలత రాకపోయేది. ఒకపారి భుజం పద్నాలుగు వచ్చేది, వారం తిరగంగనే పదహారు. మళ్ల పద్నాలుగు. టేపు తప్పేమో అని కొత్త టేపు గూడ కొన్న."

నేను నవ్వలేదు. ఆ ఒంటి సంగతి అతనికంటే నాకే ఎక్కువ తెలుసు. ఇన్నాళ్ళూ తెలియనట్టు బతికాను, అంతే.

ఇంటికి నడుస్తూ ఆమె ముఖం గుర్తు తెచ్చుకుందామని చూశాను. ముందు బూడిద రంగు సఫారీ చొక్కా వచ్చింది. తర్వాత మోచేతుల దగ్గర పలచబడ్డ ఆవపువ్వు రంగు స్వెటరు, ఎవరి తాతదో గళ్ళ లుంగీతో కుట్టించుకున్న లంగా. బట్టలన్నీ వరసగా వచ్చాయి కానీ వాటి మీద ముఖం రాలేదు. ఆ ముఖం ఎక్కడ చిక్కుకుపోయిందో నాకు తెలుసు. అక్కడికి వెళ్ళే ధైర్యం లేక చొక్కాల దగ్గరే తచ్చాడాను. ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు. ఒంటి మీద వేసుకున్నవన్నీ ఎవరెవరివో, పేరొక్కటే ఆమె సొంతం. దాన్నయినా ఆమె దగ్గర ఉండనిద్దాం.

మేం కలిసింది ఎం.ఏ. మొదటి ఏడు. నేను నెక్కొండ దగ్గరి పల్లె నుంచి ఒక సూట్‌కేసు, రెండు చుడీదార్లతో పాసింజరు బండి దిగినదాన్ని. హాస్టల్లో చేరిన వారానికే అర్థమైంది, ఇక్కడ చదువు ఒక సబ్జెక్టు, బట్టలు ఇంకో సబ్జెక్టు అని. ఫెయిలయితే రెండోదాంట్లోనే ఎక్కువ పరువు పోతుంది. సోమవారం ఒకమ్మాయి లెగ్గింగు మీద పొడుగు కుర్తా వేస్తే గురువారానికల్లా కారిడారంతా పొడుగు కుర్తాలే. మెస్సులో సాంబారు నీళ్ళగా ఉన్నా తాగి ఊరుకునేవాళ్ళు, చున్నీకి మ్యాచింగు కుదరకపోతే మాత్రం క్లాసు ఎగ్గొట్టేవాళ్ళు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అనలేదు. నేనూ ఆ పల్లకీ ఎక్కాలనే చూశాను. ఉన్న రెండు చుడీదార్లనూ పైది దీనికీ, కిందిది దానికీ మార్చి నాలుగు జతలుగా వేసేదాన్ని. ఎవరూ కనిపెట్టలేరనుకున్నాను. అందరూ మొదటి వారమే కనిపెట్టారట.

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. క్యాంటీన్‌లో మొదటిసారి చూసినప్పుడు ఆమె ఒంటి మీద మగవాళ్ళ సఫారీ చొక్కా ఉంది. పాతకాలం హెడ్మాస్టర్లు వేసుకునే రకం, నాలుగు జేబులది. నడుము దగ్గర ఒక నాడా బిగించి, చేతులు మూడు మడతలు పెట్టుకుంది. చుట్టూ పిల్లలు కిసకిసలాడుతున్నారు. ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు. టీ గ్లాసు పట్టుకుని నేరుగా వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు హాస్టలా?"

"ఆఁ."

"నీ రూంల జర బట్టలు మార్సుకోవచ్చా? ఇంటికాడికెళ్లి వచ్చేటప్పుడు చుడీదార్ల వస్త. గివి తొడుక్కుని బయిటికెళ్తే మా అమ్మ సంపుతది."

ఆమెది వరంగల్‌లోనే నేతపనివాళ్ళ వాడ. నాన్న మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు, అమ్మ కండెలకు నూలు చుట్టేది. పొద్దున షేర్ ఆటోలో దిగి నా గదిలో దూరి, నా మంచం కింద పెట్టుకున్న తన రేకు పెట్టెలోంచి ఆ రోజుకు ఒకటి తీసి తొడుక్కునేది. సాయంత్రం మళ్ళీ చుడీదార్‌లోకి మారి ఇంటికి పోయేది. అట్లా రెండేళ్ళు నా మంచం కింద ఎవరెవరివో బట్టలు పడుకున్నాయి.

పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చే ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరుగుతారు కదా. వాళ్ళ మూటలను ఆదివారం పొద్దున రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మేవాళ్ళు. ఆమె షాపింగు మొత్తం అక్కడే. నన్ను కూడా లాక్కెళ్ళింది. ఎవరైనా రంగు చూస్తారు, సైజు చూస్తారు. ఆమె అంచును రెండు వేళ్ళ మధ్య పట్టి, చెవి దగ్గర పెట్టుకుని నలిపేది. తిరగేసి చంక కుట్టు చూసేది. జేబు ఉంటే అందులో చెయ్యి పెట్టి, అవతలి నుంచి ఎవరో ఆ చెయ్యి పట్టుకున్నట్టు కాసేపు అట్లాగే నిలబడేది.

"ఈమె ఎడమ సంకల పిల్లనెత్తుకునేది. సూడు, ఈడ పోగు సాగింది. ఈ అంగీ ఆయన బస్సుల ఎప్పుడు కిటికి దిక్కే కూసునేటోడు, ఒక్క భుజమే వెలిసింది."

"పోలీసుల చేరకపోయినవ్ పిల్లా" అన్నాను.

"మా నాయినకైతే జంపఖాన మీద ఎంతమంది కూసున్నరో గూడ ఎరుకైతది. బట్ట మర్వదే. మనిషే మరుస్తడు. కొత్త బట్టకు ఇంక నోరే రాలే, దానితోని ఏం ముచ్చట పెడ్తం?"

ఇంతవరకూ బాగానే ఉంది. నేత ఇంటి పిల్ల, గుడ్డ చదవడం వచ్చు అనుకున్నాను. నాకు వింతగా తోచింది ఆమె తొడుక్కునే పద్ధతి. చొక్కాను రెండు భుజాలూ పట్టి తన ముఖం ఎత్తుకు లేపి, నోట్లోనే ఏదో అడిగేది. "అడిగి తొడుక్కోవాలె. అడగకుంట తొడిగితే దొంగతనం" అనేది. మరి అది ఒప్పుకుందని ఎట్లా తెలుస్తుందే అంటే, "సప్పుడు చెయ్యకుంటే సరే అన్నట్టు" అనేది. సాయంత్రం విప్పాక రెండుసార్లు దులిపి, చుట్టాన్ని బస్సెక్కించినట్టు "ఇగ పో" అని పెట్టెలో పెట్టేది.

సఫారీ వేసుకున్న రోజు ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నడిచేది. మాట్లాడే ముందు ఒకసారి గొంతు సవరించుకునేది. ఒకనాడు గేటు దగ్గరి సెక్యూరిటీ తాత వెనక నుంచి చూసి, కుర్చీలోంచి దిగ్గున లేచి "నమస్తే సార్" అన్నాడు. మేం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ మధ్యాహ్నమే ఎత్తి రాసుకుందామని ఆమె నోట్సు తీసుకున్నాను. ఆమె చేతిరాత నాకు తెలుసు, కోడి గెలికినట్టు ఉంటుంది. ఆ పేజీలో అక్షరాలు గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా, నల్లబల్ల మీద రాసినట్టు ఉన్నాయి. పేజీ చివర ఎర్ర ఇంకుతో ఒక టిక్కు, దాని కింద పొట్టి సంతకం.

"ఇదెవరిదే?" అని చూపించాను.

చాలాసేపు చూసింది. "నా దగ్గర ఎర్ర పెన్నే లేదు గదనే" అంది మెల్లగా. ఆ కాగితం చింపి, నాలుగు మడతలు పెట్టి, సఫారీ జేబులోనే పెట్టేసింది. మళ్ళీ ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఆరు నెలలు తిరిగేసరికి ఆమెను వెక్కిరించినవాళ్ళే నాన్నల చొక్కాలూ అన్నల చొక్కాలూ తెచ్చుకుని చేతులు మూడు మడతలు పెట్టడం మొదలుపెట్టారు. వాళ్ళ మీద అవి వట్టి చొక్కాలు. ఎంత మడిచినా, ఎంత బిగించినా చొక్కాలే. ఆమె వాళ్ళను చూసి నవ్వేది కాదు. "పాపం, అడగలే" అనేది.

ఇన్ని చేసినా నాకు మాత్రం ఒక్క పాత గుడ్డ ఇవ్వలేదు. సరదాగా ఒకసారి పెట్టెలో చెయ్యి పెడితే కసిరింది. "నీకు కొత్తవే. నీ మీద నువ్వే ఉండాలె." హనుమకొండలో బట్టల దుకాణాలన్నీ తిప్పి కట్ పీసులు ఎంచింది. నల్లపిల్లకు లేత రంగులే నప్పుతాయని మా ఊరు ఊరంతా నాకు చిన్నప్పటి నుంచి చెప్పింది. ఆమె మామిడి చిగురు రంగు గుడ్డ నా భుజం మీద వేసి, అద్దం ముందు నిలబెట్టింది. "అద్దంల తప్పులు దేవులాడకు. సుట్టమెవరో మస్తు దినాలకు వస్తాందనుకుని సూడు" అంది. సుబేదారి దర్జీ దగ్గర ఆ కుర్తా కుట్టించి, మెడ ఎంత దిగాలో, చెయ్యి ఎక్కడ ఆగాలో దగ్గరుండి చెప్పింది. అది తొడుక్కుని క్లాసుకు వెళ్ళిన రోజు మొదటిసారి ఎవరి వెనకా నక్కకుండా నడిచాను. ఈ రోజు ఆఫీసులో ఎవరైనా నా చీర బాగుందంటే, అది ఆమె పెట్టిన భిక్షే.

"మరి నీ మీద ఎవరుంటరే?" అని అడిగాను ఆ రోజు.

"నేనా? మగ్గం ఖాళీగ ఉంటెనే గద పడుగెక్కేది" అని నవ్వింది. మాట బాగుందని డైరీలో రాసుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ తియ్యాలంటే భయం.

రెండో ఏడు చలికాలం, ఒక పొద్దున ఇద్దరం హనుమకొండ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాం. ఆమె ఆవపువ్వు రంగు స్వెటరు వేసుకుంది. అవతలి వైపు నుంచి ఒక ముసలామె జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆమె మణికట్టు పట్టుకుంది. ముఖమంతా వెలుగు.

"ఎప్పుడొచ్చినవే?"

పెద్దమ్మా, నువ్వు ఎవరినో చూసి ఎవరో అనుకుంటున్నావని నేను చెప్పబోతున్నాను. ఈలోగా నా దోస్తు జవాబిచ్చింది. "ఇప్పుడే అత్తమ్మా. మోకాలుకు నూనె పెడ్తాన్నవా, బంద్ జేసినవా?"

"నువ్వు రుద్దినట్టు ఎవలు రుద్దుతరే" అని ముసలామె అక్కడే భోరుమంది.

ఆమె వెనక సంచీ పట్టుకుని కొడుకు నిలబడి ఉన్నాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఆ స్వెటర్ మా ఇంటిదే. నా పెండ్లాం పోయినంక గిన్నెలకు ఏసినం" అని నాతో అన్నాడు, మా వైపు చూడకుండా. తల్లిని లాక్కుని వచ్చిన బస్సు ఎక్కేశాడు. ఆ బస్సు ఎక్కడికి పోతుందో కూడా అతను చూసినట్టు లేదు.

"మోకాలు సంగతి నీకెట్ల ఎరుకే?" అన్నాను.

"నాకెరుక లేదు. నోట్లెకెళ్లి వచ్చింది." ఆ స్వెటరు మళ్ళీ తొడుక్కోలేదు.

వేరే ఎవరైనా ఆ రోజుతో ఆ రేకు పెట్టెను ఊరవతల పారేయించేవాళ్ళు. నాకు భయం వేసింది నిజమే. భయం కంటే ముందు ఆశ పుట్టింది.

మా అమ్మ నేను పదో తరగతిలో ఉండగా పోయింది. పత్తి చేలల్లో కూలికి పోయేది. ఒకసారి పత్తికట్టె మోడు ఎడమ పాదంలో దిగింది. గాయం మానింది కానీ కాలు సరి కాలేదు. అప్పటి నుంచి ఆ కాలు కొంచెం ఈడ్చేది. చేను నుంచి వస్తుంటే ఎడమ చెప్పు నేలకు రాసుకునే చప్పుడు ముందు వచ్చేది, ఆమె తర్వాత వచ్చేది. రాగానే కొంగు నడుముకు దోపి ఒకటే మాట అడిగేది: "కడుపుల ఏమన్న పడ్డదా బిడ్డా?" ఆమె పోయాక బట్టలన్నీ ఇచ్చేశారు. పోయినవాళ్ళ బట్ట ఇంట్లో ఉంటే వాళ్ళకు దారి దొరకదని మా నానమ్మ పట్టుదల. నేను ఒక్క చిలకపచ్చ వాయిల్ చీర దొంగిలించి దాచాను. సూట్‌కేసు అడుగున నాతోపాటు అది కూడా యూనివర్సిటీకి వచ్చింది.

అప్పటికే అమ్మ నాలోంచి జారిపోతోంది. ఉన్న ఒక్క ఫోటో రేషన్ కార్డుది, అందులో ఫోటో తీసేవాణ్ని చూసి బెదిరిన ఎవరో ఆడమనిషి ఉంది. గొంతు పోయింది. నడక ఎట్లా ఉండేదో చెప్పగలను, కళ్ళు మూసుకుంటే మాత్రం కనపడదు. ఒక్కసారి, ఒక్క పూట, ఆమె నడిచి వస్తే చూడాలి. ఇరవై రెండేళ్ళ వయసులో నాకు అంతకు మించిన కోరిక లేదు.

చీర తీసి ఆమె చేతిలో పెట్టాను. అంచు చెవి దగ్గర పెట్టుకుని నలిపింది. వెంటనే వేడి గిన్నె ముట్టినట్టు మంచం మీద పెట్టేసింది.

"గీ చీరల మనిషున్నది" అంది. "నిండుగ ఉన్నది. వద్దే."

"ఒక్కసారే."

"బట్ట ఉట్టిగ ఇయ్యదే. నేను కట్టుకున్ననంటే ఇగ దాంట్ల నీకేం మిగల్ది. నాకెంత అంటుకుంటదో నాకెరుక లేదు."

ఆ రెండో మాట నేను వినిపించుకోలేదు. మొదటి మాట విని కూడా సరే అన్నాను. నెల రోజులు వెంటపడ్డాను. అలిగాను, ఏడ్చాను, మాట్లాడ్డం మానేశాను. చివరికి "నువ్వు నిజంగ దోస్తువైతే కట్టుకుంటవ్" అన్నాను. అంతకంటే నీచమైన మాట జీవితంలో ఇంకోటి అన్నానేమో వెతుకుతూనే ఉన్నాను, దొరకలేదు.

ఫేర్‌వెల్ రోజు ఆడపిల్లలందరికీ చీరలే. మధ్యాహ్నం హాస్టలంతా పౌడరు వాసన, ఇస్త్రీ వాసన, పిన్నుల కోసం అరుపులు. ఆమె వచ్చి తలుపు గడియ పెట్టి, "తే" అంది.

ఆ రోజు అడగడానికి చాలాసేపు పట్టింది. చీరకు నుదురు ఆనించి అట్లాగే కూర్చుంది. ఆమెకు చీర కట్టడం సరిగ్గా రాదు. అంతకు ముందు ఫ్రెషర్స్ పార్టీకి ఆమెకు చీర కట్టబోయి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు మాత్రం అద్దం చూడలేదు, ఒక్క పిన్ను అడగలేదు. కుచ్చిళ్ళు ఒక్క ఊపులో వచ్చాయి. కొంగు తిప్పి నడుముకు దోపి, తలుపు దగ్గర నుంచి కిటికీ దాకా నడిచింది. ఎడమ చెప్పు నేలకు రాసుకుంది.

ఆ కాలు సంగతి నేను ఆమెకు చెప్పలేదు. యూనివర్సిటీలో ఎవరికీ చెప్పలేదు. అమ్మ కూలికి పోయేదని, కుంటేదని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. ఆమె తిరిగి వచ్చి నా ముందు ఆగింది.

"కడుపుల ఏమన్న పడ్డదా బిడ్డా?"

గొంతు నా దోస్తుదే. పలికిన తీరు మా అమ్మది. నేను ఆమెను మంచం మీద కూర్చోబెట్టుకుని, ఒళ్ళో పడి ఏడ్చాను. ఆమె చెయ్యి నా తల మీదికి వచ్చి, చెవి వెనక బొటనవేలితో పాయ తీసింది, చిన్నప్పుడు పేలు చూసినట్టే. బయట డీజే మోగుతోంది. పిల్లలు తలుపు కొట్టి, ఫోటోలకు రారే అని పిలిచి, తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. నేను కదల్లేదు. ఆ రెండు గంటల సుఖం నాకు మళ్ళీ దొరకలేదు. అబద్ధమెందుకు, అది సుఖమే.

నాలుగింటికి ఆమె లేచి బాత్రూంలోకి వెళ్ళింది. దులుపుతున్న చప్పుడు విన్నాను. "ఇగ పో" అంది. కాసేపాగి మళ్ళీ "ఇగ పో" అంది. మూడోసారి, నాలుగోసారి, తర్వాత బతిమాలుతున్నట్టు "ఇగ పో అమ్మా" అంది. చుడీదార్‌లో బయటికి వచ్చి, చీర మడిచి నా చేతికిచ్చి, వెళ్ళిపోయింది. కారిడార్ చివరి దాకా ఎడమ చెప్పు రాసుకునే చప్పుడు వినిపించింది. నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. కోపం కూడా వచ్చింది.

మర్నాడు చీర ముఖానికి పెట్టుకున్నాను. ఏడేళ్ళుగా అందులో పొగ వాసన, పత్తి దుమ్ము వాసన ఉండేది. ఏమీ లేదు. దుకాణంలో చింపి ఇచ్చిన గుడ్డలా ఉంది. కళ్ళు మూసుకుంటే అమ్మ నడిచి వస్తోంది, చప్పుడుతో సహా. దగ్గరికి వచ్చేసరికి ఆ ముఖం అమ్మది కాదు, నా దోస్తుది. ఎన్నిసార్లు మూసి తెరిచినా అంతే. ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అరిచాను. "మా అమ్మను నాకు లేకుంట చేసినవ్" అన్నాను.

"నువ్వే అడిగినవ్ గదనే" అంది. అవతల ఏడుస్తున్నట్టు వినిపించింది, పెట్టేశాను.

పరీక్షలయ్యాక పెట్టె తీసుకుపోవడానికి ఆమె వస్తుందని తెలిసి, ఆ రోజంతా లైబ్రరీలో కూర్చున్నాను. తర్వాత ఆమెను చూడలేదు. ఫోన్లు మాత్రం చేసేది. ఎత్తగానే ఒకటే మాట, "కడుపుల ఏమన్న పడ్డదా?" అని. వెక్కిరిస్తోందనుకునేదాన్ని. "ఒక్కపారి ఇంటికి రావే, ఇది ఫోన్ల చెప్పేది కాదు" అనేది. పని ఉందనేదాన్ని. కొన్నాళ్ళకు ఎత్తడమే మానేశాను. నాకు ఉద్యోగం వచ్చింది, సుబేదారిలో అద్దె ఇల్లు దొరికింది. అక్కడి నుంచి వాళ్ళ వాడకు ఆటోలో అరగంట. ఎనిమిదేళ్ళలో ఆ అరగంట నాకు కుదరలేదు.

దర్జీ చెప్పిన మూడో రోజు వెళ్ళాను. ముందు గదిలో మగ్గం ఆగి ఉంది, దాని మీద సగం నేసిన జంపఖానా. పక్కన వాళ్ళమ్మ నేల మీద కూర్చుని కండెలు చుట్టుకుంటోంది. గోడకు పాస్‌పోర్టు ఫోటో పెద్దది చేయించి దండ వేశారు. ఆ ముఖం చూడగానే నాకు "అమ్మ" అనిపించింది. అది నా దోస్తు ముఖమని తర్వాత గుర్తొచ్చింది.

"నువ్వు హాస్టల్ పిల్లవు గదా" అంది వాళ్ళమ్మ. "కూసో బిడ్డా. దానికి నువ్వొక్కదానివే దోస్తువు."

నీళ్ళిచ్చి, చేతిలో పని ఆపకుండానే చెప్పుకొచ్చింది. "సదువు అయిపోయినంక ఆ పాత బట్టలన్ని బంద్ పెట్టింది. పెట్టెల ఉన్నయన్ని గిన్నెలామెకే ఇచ్చేసింది. పీడ పోయిందనుకున్న. గప్పటి సందే కాలు మొదలైంది బిడ్డా. మంచిగ దుంకులాడే పిల్ల, ఎడమ కాలు ఈడ్సుకుంట నడిసేది. ఎన్ని దవాఖానలు తిప్పినమో. ఎక్స్‌రేలు తీసిండ్రు. కాలుకు ఏం లేదు, ఫికర్ చెయ్యకుండ్రి అన్నరు. ఆనాడు మిద్దె మీద ఎండకేసిన నూలు తేను పోయింది. నూలెత్తుకుని దిగుతాంటే గా కాలే మెట్టుకు తట్టింది."

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఇంకోటి బిడ్డా. పొద్దుగూకే యాళ్లకు చున్నీ నడుముకు దోపుకుని గడపల నిలవడేది. తొవ్వ దిక్కు సూస్కుంట 'పిల్ల ఇంక రాకపాయె, కడుపుల ఏమన్న పడ్డదో లేదో' అనేది. ఏ పిల్లనే, నీకింక పెండ్లే కాలేదు అని నేను తిట్టేది. నవ్వి ఊకునేది. దినాం గదే మాట. నువ్వు దాని దోస్తువు గద, నీకేమన్న ఎరుకేనా?"

ఎరుక లేదని లేచి రావచ్చు. నాకు అలవాటైన పనే. ఆమె ముఖం చూసి ఆ మాట అనలేకపోయాను. చీర దాచిన సంగతి, నెల రోజులు పీక్కు తిన్న సంగతి, ఫేర్‌వెల్ నాటి నడక, అంతా చెప్పాను. "ఆ కాలు మా అమ్మదమ్మా. మీ బిడ్డ వద్దు వద్దంటాంటే నేనే కట్టిచ్చిన" అన్నాను. ఆమె నన్ను కొట్టాలని, జుట్టు పట్టి బయటికి ఈడ్వాలని నిజంగా కోరుకున్నాను.

ఆమె ఏమీ చెయ్యలేదు. చేతిలో కండె ఆగింది. పోగు తెగితే ఎక్కడ తెగిందో చూసుకోవడమే తప్ప అరవడం తెలియని ఇల్లు అది. గడప వైపు చూసింది.

"అయితే గాడ నిలవడ్డది మీ అమ్మనా" అంది.

నేను తలూపాను.

"ఎనిమిదేండ్లు మీ అమ్మ మా గడపల నిలవడి నీ కోసం సూసింది బిడ్డా. నువ్వొక్కపారన్న రాకపోతివి."